14 మంది ఉన్న ఊరు చచ్చిన ఊరు కాదు

1950లో ఈ ఊళ్లో 16 మంది ఉన్నారు. 2020 సెన్సస్‌లో 14 మంది. అంటే డెబ్బై ఏళ్లుగా ఈ ఊరిని చూసిన ప్రతివాళ్లూ ఇంక రేపో మాపో అనుకుంటూనే ఉన్నారు, ఊరు మాత్రం అక్కడే ఉంది. పేరు నికోడెమస్. అమెరికా మధ్యలో కన్సాస్ రాష్ట్రం, దాని వాయవ్య మూల గ్రాహం కౌంటీ, చుట్టూ కనుచూపు మేర గోధుమ చేలు, జొన్న చేలు, మిగతాదంతా గడ్డి నేల, కొంచెం దక్షిణంగా సాలమన్ నది పాయ ఒకటి. మన లెక్కలో అది వాగు. చెట్టు కావాలంటే ఆ వాగు ఒడ్డుకి పోవాల్సిందే, మిగతా ప్రేరీ (గడ్డి మైదానం) అంతా గాలీ ఆకాశమే.

నేను కన్సాస్ సిటీ వైపు ఉంటాను, ఈ ఊరికి హోమ్‌కమింగ్ (బయట స్థిరపడ్డవాళ్లంతా ఏటా ఊరికి తిరిగొచ్చే పండగ) రోజుల్లో వెళ్లాను, వచ్చాక దీని గురించి దొరికిందల్లా చదివాను. చదివిన వాటిలో చాలా చోట్ల కథ ఒకేలా నడుస్తుంది: విడుదలైన నల్లజాతి బానిసలు వచ్చి ఊరు కట్టుకున్నారు, పదేళ్లు కళకళలాడింది, తర్వాత రైలు రాలేదు, కరువొచ్చింది, జనం పోయారు, ఇప్పుడు మ్యూజియంలా మిగిలింది. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, కానీ ఇలా చెప్తే ఊరు ముసలైపోయి దానంతట అదే పోయినట్టు ఉంటుంది, అక్కడే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కాలం ఊళ్లని ఖాళీ చెయ్యదు. ఎక్కడో వేరే ఊళ్లో కూర్చున్నవాళ్లు మ్యాప్ మీద గీసే గీతలు, ఇవ్వని అప్పులు, మూసేసే ఆఫీసులు చేస్తాయి. నికోడెమస్ విషయంలో ఆ గీతలేంటో, ఆ అప్పులేంటో తేదీలతో సహా ఉన్నాయి. అందుకే ఈ పోస్టు కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

అసలు వీళ్లు ఇక్కడికి ఎందుకొచ్చారో ముందు చూద్దాం. మొదట వచ్చినవాళ్లలో ఎక్కువమంది కెంటకీ వాళ్లు, లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ చుట్టుపక్కల నుంచి. లింకన్ 1863లో చేసిన విముక్తి ప్రకటన అందరికీ తెలుసు, కానీ అది కెంటకీకి వర్తించలేదు, ఎందుకంటే కెంటకీ అంతర్యుద్ధంలో తిరుగుబాటు చెయ్యకుండా యూనియన్‌లోనే, అంటే లింకన్ ప్రభుత్వం వైపే, ఉండిపోయిన బానిస రాష్ట్రం. అక్కడి బానిసలకి చట్టప్రకారం పూర్తి విడుదల 1865 డిసెంబర్‌లో రాజ్యాంగం 13వ సవరణతోనే వచ్చింది. యుద్ధం తర్వాత దక్షిణాదిలో పెట్టిన సైనిక పాలన కూడా కెంటకీకి రాలేదు, కాబట్టి ఆ మాత్రం రక్షణ కూడా వీళ్లకి లేదు. చేతిలో సెంటు భూమి లేదు, పాత యజమాని పొలంలోనే పాలుకి చెయ్యాలి, పంట పొగాకు. మా ఒంగోలు వైపు వాళ్లకి పొగాకు పని అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు, ఏడాది పొడుగునా ఒళ్లు వంచి చేస్తే చివర్లో లెక్క చూసి "ఇంకా నువ్వే బాకీ" అనిపించుకోవడం. దానికి తోడు రాత్రిపూట ముసుగులేసుకుని ఇళ్ల మీదకొచ్చే గుంపులు. 1877లో దక్షిణాది నుంచి మిగిలిన సైన్యం కూడా వెనక్కెళ్లిపోయింది, ఇంక ఇక్కడ మన బతుకు మారదు అని చాలామందికి అర్థమైపోయింది.

సరిగ్గా ఆ ఏడాదే లెక్సింగ్టన్‌లో ఒక కరపత్రం తిరిగింది. కన్సాస్ వెళ్లాలనుకునే నల్లవాళ్లు 1877 సెప్టెంబర్ 5న 5 డాలర్లతో వెళ్లొచ్చు అని. ప్రభుత్వ భూమి బోలెడుంది, అందరం కలిసి వెళ్లి పట్టుకుందాం అని. దీని వెనక 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఉంది: 160 ఎకరాల బంజరు తీసుకో, కాస్త ఫీజు కట్టు, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్, పట్టా నీది. తన పేరు మీద కాగితం ముక్క కూడా లేని మనిషికి 160 ఎకరాలు! కూలీకెళ్లే మనిషికి ఎవరైనా వచ్చి నీకు 160 ఎకరాలు అంటే ఆ రాత్రి నిద్ర పడుతుందా?

ఊరి ప్లాన్ వేసింది డబ్ల్యూ. ఆర్. హిల్ అని ఒక తెల్ల ల్యాండ్ ప్రమోటర్, డబ్ల్యూ. హెచ్. స్మిత్ అని ఒక నల్లజాతి పాస్టర్, వీళ్లతో ఇంకొంతమంది. 1877 ఏప్రిల్‌లో టౌన్ కంపెనీ పెట్టారు. ప్రచారంలో ఊరి గురించి చాలా గొప్పగా చెప్పారు, మంచి నేల, నీళ్లు, కలప, వేట అని. ఊరి పేరు గురించి రెండు మాటలున్నాయి, బైబిల్లోని నీకొదేము పేరే అని కొందరు, తన స్వేచ్ఛని తనే కొనుక్కున్న ఒక ఆఫ్రికా రాజకుమారుడి పేరని కొందరు.

సెప్టెంబర్‌లో ఓ మూడొందల మంది రైల్లో ఎల్లిస్ అనే స్టేషన్‌లో దిగారు. అక్కణ్ణుంచి ఉత్తరంగా ముప్ఫై మైళ్ల పైనే, నడక, దారి లేదు, గడ్డిలో నడక. చేరాక చూస్తే ఊరే లేదు. ముందొచ్చిన కొద్దిమంది నేలలో గుంతలు తవ్వుకుని, పైన కొమ్మలూ గడ్డి పెళ్లలూ కప్పుకుని, వాటిలో ఉంటున్నారు. మరుసటేడు వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఆవిడ ఆ రోజు ఎలా గడిచిందో చాలా ఏళ్ల తర్వాత, 1937లో చెప్పింది. దారిలో పిల్లలకి తట్టు పోసింది, ఎల్లిస్‌లో రెండు వారాలు ఆగిపోయారు, కొందరు పిల్లలు అక్కడే చనిపోయారు. ఆవిడకీ ఒంట్లో బాలేదు. మగవాళ్లు "అదిగో నికోడెమస్" అని అరిచారట, కళ్లన్నీ పెట్టి చూసినా ఏమీ కనపడలేదట, ఏదీ ఊరు అని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగల్ని చూపించి అదే నికోడెమస్ అన్నాడట. ఆవిడకి ఏడుపొచ్చేసింది.

ఆవిడ ఏడ్చింది అన్న దగ్గరే చాలామంది కథ ఆపేస్తారు. ఆ తర్వాతది నాకు ముఖ్యం. ఆవిడ అక్కడే ఉండిపోయింది. భర్త డేనియల్ హిక్‌మన్ పాస్టర్, మనుషులు గుంతల్లో ఉండగానే చర్చి పెట్టుకున్నారు.

అందరూ ఉండలేదు. మొదటి గుంపులో ఓ అరవై కుటుంబాలు వచ్చినదారినే వెనక్కెళ్లిపోయాయి, వాళ్లని తప్పు పట్టడానికి లేదు. మోసం చేశాడని హిల్ మీద జనం ఎంత కోపంగా ఉన్నారంటే ఆయన పారిపోయి దాక్కోవాల్సి వచ్చిందని చెప్తారు. తర్వాత ఆ హిల్ కొంచెం పడమరగా తన పేరుతోనే హిల్ సిటీ అని ఇంకో ఊరు పెట్టాడు. కౌంటీకి ముఖ్య పట్టణం ఇప్పుడు అదే.

ఉండిపోయినవాళ్ల దగ్గర ఆ చలికాలం ఏముంది? నాగళ్లు, గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలామంది పారలతో, గునపాలతో నేల తిప్పారు. ప్రేరీ గడ్డి నేలని తిప్పడం అంటే మామూలు దుక్కి కాదండీ, వేల ఏళ్లుగా అల్లుకుపోయిన వేర్లు, పైన గడ్డి ఎంత కనపడుతుందో కింద అంతకి ఎన్నో రెట్లు ఉంటుంది. పొయ్యిలోకి కట్టెల్లేవు, పొద్దుతిరుగుడు కాడలు, అడవిదున్నల పేడ ఎండినది ఏరుకొచ్చేవాళ్లు. అప్పటికే ఆ దున్నల్ని తోళ్ల కోసం కాల్చి కాల్చి దాదాపు లేకుండా చేశారు, మైదానం నిండా ఎముకలు, వాటిని ఏరి అమ్మితే నాలుగు డబ్బులు. మగవాళ్లు రైలు పనికీ, తూర్పు కన్సాస్ పొలాల్లో పనికీ పోతే ఆడవాళ్లే ఇంటి దగ్గర నేల తవ్వారు. ఆ అక్టోబర్‌లోనే ఊళ్లో మొదటి బిడ్డ పుట్టాడు, హెన్రీ విలియమ్స్, ఆ వంశం వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ చలికాలం వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్లు మాంసం ఇచ్చి ఆదుకున్నారని ఆ ఊరి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఈ మాట నేను తేలిగ్గా దాటెయ్యను. ఆ ఓసేజ్ వాళ్లని కన్సాస్ నుంచి వెళ్లగొట్టి అప్పటికి ఇంకా పదేళ్లు కూడా కాలేదు. బంజరు, ప్రభుత్వ భూమి అని కరపత్రంలో రాసిన నేల పానీలు, షాయెన్లు, అరాపహోలు అనే ఆదివాసీ తెగలది. 1878 సెప్టెంబర్‌లో ఉత్తర షాయెన్ వాళ్లు తమని బంధించిన చోటు నుంచి బయటపడి ఇదే పడమటి కన్సాస్ గుండా పిల్లాపాపలతో పరుగెత్తారు, వెనక సైన్యం తరుముతూ. అంటే నికోడెమస్ వాళ్ల రెండో చలికాలం ముందు. ఒకళ్లకి విడుదలైన నేల ఇంకొకళ్లకి పోయిన నేల, రెండూ ఒకే ప్రభుత్వం చేసిందే, ఇది చెప్పకుండా ఈ ఊరి కథ చెప్పడం నాకు సరిగా అనిపించదు. అయినా తమది పోగొట్టుకున్నవాళ్లే ఆకలితో ఉన్నవాళ్లకి తిండి పెట్టారు.

ఇప్పుడు నేల సంగతి, ఎందుకంటే కరువు వల్ల ఊరు పోయింది అనేవాళ్లకి జవాబు ఇక్కడే ఉంది. 100వ రేఖాంశం అని అమెరికాని నిలువునా కోసే గీత ఒకటుంది, స్థూలంగా దానికి తూర్పున వాన మీద పంట పండుతుంది, పడమరన నమ్మకం లేదు. నికోడెమస్ సరిగ్గా ఆ గీత అంచున ఉంది. ఏడాదికి 20 ఇంచులు అటూ ఇటూ, ఇంచుమించు మన అనంతపురం జిల్లాకి పడేంత వాన, అందులో కొంత మంచుగా. 1878లో జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు, ఈ పొడి నేలల్లో 160 ఎకరాలతో కుటుంబం బతకదు, పశువులు మేపుకోవడానికైతే చాలా ఎక్కువ ఇవ్వాలి, నీళ్లతో చేసేదైతే తక్కువ చాలు, చట్టం మార్చండి అని. ఎవరూ పెద్దగా వినలేదు. నాగలి ఎక్కడికి పోతే వాన అక్కడికి వస్తుంది అని రైల్వేల వాళ్లు, భూమి అమ్మేవాళ్లు ప్రచారం చేసుకుంటున్న రోజులవి. అంటే ఈ నేల గురించి తెలిసినవాళ్లు లేక కాదు, చెప్పినా వినకుండా తడి ప్రాంతాల కొలతని తీసుకొచ్చి పొడి ప్రాంతం మీద పరిచారు. చిన్న కమతం, అప్పు, రెండేళ్లు వాన లేకపోతే అమ్ముకోవడం. కరువు అనేది అక్కడ ఎప్పుడూ ఉన్నదే, దాన్ని తట్టుకోలేని కొలత పెట్టింది మాత్రం వాషింగ్టన్‌లో.

అయినా పండించారు. 1879లో ఇంక బయట నుంచి దానాలు వద్దు, మా కాళ్ల మీద మేం నిలబడతాం అని తీర్మానం చేసుకున్నారు, గుంతలో ఉంటూ చేసిన తీర్మానం అది! 1880ల మధ్యకి వచ్చేసరికి సున్నపురాయి ఇళ్లు, హోటళ్లు, బ్యాంకు, షాపులు, రెండు చర్చిలు, స్కూలు. 1886లో వెస్టర్న్ సైక్లోన్ అనే పేపరు, 1887లో ఎంటర్‌ప్రైజ్ అని ఇంకోటి, అంత చిన్న ఊరికి రెండు పేపర్లు. బేస్‌బాల్ టీమ్, బ్యాండ్, సాహిత్య సంఘం, ఐస్‌క్రీమ్ షాపు. జెడ్. టి. ఫ్లెచర్ హోటల్ నడిపాడు, ఆయన భార్య జెన్నీ ఊరికి మొదటి టీచర్లలో ఒకరు. 1878లో వచ్చిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ గ్రాహం కౌంటీ క్లర్క్ అయ్యాడు, 1882లో మొత్తం కన్సాస్ రాష్ట్రానికి ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు, 1884లో మళ్లీ గెలిచాడు. రాష్ట్రమంతా ఓటేసే పదవికి నల్లజాతి మనిషి ఎన్నికవడం కన్సాస్‌లో అదే మొదలు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు అప్పటికి.

ఇక రైలు. ఇక్కడ నెమ్మదిగా చదవండి.

గోధుమ ఊళ్లో రైలు అంటే ప్రయాణం కాదు, పంట. రైలు ఉన్నచోటే ధాన్యం కొని నిల్వ చేసే పెద్ద గోదాము, ఎలివేటర్ అంటారు, పెడతారు, ఎలివేటర్ ఉన్నచోటే రైతు బండి ఆగుతుంది, బండి ఆగిన చోటే షాపు, బ్యాంకు, డాక్టరు. రైలు లేని ఊరి రైతు తన గింజల్ని బండి మీద మైళ్లకి మైళ్లు తోలుకెళ్లాలి, ఆ ఖర్చు గింజ రేటులోంచే పోతుంది. అందుకని ఆ రోజుల్లో ఊళ్లే రైలు కంపెనీలకి ఎదురు డబ్బు ఇచ్చేవి, మా వైపు రండి అని బాండ్లు రాసి. 1887లో నికోడెమస్ టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటిది) ఓటేసి మిస్సోరీ పసిఫిక్ కంపెనీకి 16,000 డాలర్ల బాండ్లు ఇస్తామంది. గుంతల్లోంచి లేచి పదేళ్లయిన ఊరు 16,000 డాలర్లు! సర్వే జరిగింది, ఊరంతా ఆశ, పేపర్ల నిండా అదే వార్త, కొత్త షాపులు, స్థలాల రేట్లు పెరగడం. చివరికి ఆ కంపెనీ రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ లైను వేసింది, కానీ నదికి అవతలి పక్క నుంచి, ఊరికి ఐదారు మైళ్ల దూరంలో. అక్కడ పని క్యాంపుగా మొదలైందే బోగ్ అనే ఊరు. నికోడెమస్ షాపుల వాళ్లు ఒక్కొక్కరే బోగ్‌కి మారారు, కొందరైతే కట్టడాల్ని ఊడబెరికి బళ్ల మీద పెట్టుకుని తీసుకెళ్లారు. పేపర్లు ఆగిపోయాయి.

ఇది రంగు చూసే చేశారు అని నేను అనను. అలా పక్కన పడిపోయిన తెల్లవాళ్ల ఊళ్లు కూడా ప్రేరీ నిండా ఉన్నాయి, కంపెనీ తనకి స్థలాలు ఎక్కడ అమ్ముకోవచ్చో, వాలు ఎక్కడ తక్కువో చూసుకునేది, ఊరి మొహం చూసేది కాదు. కానీ దెబ్బ ఒకటే అయినా తగిలిన చోటు వేరు. తెల్ల షాపు యజమానికి రైలు వెంట ఏ ఊరికెళ్లినా అది తన ఊరే. నికోడెమస్ వాళ్లకి అలాంటి ఊరు ఇంకోటి ఎక్కడుంది? తమ స్కూలు, తమ ఓటు, తమ టౌన్‌షిప్ బోర్డు, తలెత్తి నడిచే వీధి వాళ్లకి అక్కడే ఉన్నాయి. కదిలితే కస్టమర్లు పోవడంతో ఆగదు. అందుకే వ్యాపారాలు పోయినా రైతులు కదల్లేదు. ఇది పట్టుదల కథలా చెప్తారు గానీ నాకు ఇది చాలా లెక్కగా తీసుకున్న నిర్ణయంలా కనపడుతుంది: షాపు బోగ్‌లో ఉంటే ఉండనీ, పట్టా నా దగ్గరుంది.

ఆ పట్టానే ఊరిని ఇంకో నలభై ఏళ్లు నడిపింది. ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడాల్లో ముఖ్యమైనవి చూస్తే ఏఎంఈ (నల్లజాతి మెథడిస్టుల) చర్చి 1885, బాప్టిస్టు చర్చి 1907, స్కూలు 1918, టౌన్‌షిప్ హాలు 1939. మొదటిది తప్ప మిగతావన్నీ రైలు పక్క నుంచి పోయిన తర్వాత కట్టినవే కదా. రైలుతో ఊరు అయిపోయింది అని రాసేవాళ్లు ఈ తేదీలు చూడరు.

తర్వాత 1930లు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో గోధుమ రేటు పెరిగింది, ఇంకా దున్నండి ఇంకా దున్నండి అని ప్రభుత్వమే పోరింది, గడ్డి నేలలు లక్షల ఎకరాలు తిరగేశారు, యుద్ధం అయిపోయాక రేటు పడింది, అప్పులు మిగిలాయి, ఆపైన వానలు ఆగాయి, వేర్లు లేని మట్టి గాల్లోకి లేచింది. డస్ట్ బౌల్ అంటే అదే. 1935కి ఊళ్లో 76 మందే. జనం డెన్వర్, టొపీకా, కాలిఫోర్నియా వెళ్లారు. 1953లో పోస్టాఫీసు మూసేశారు, 1960లో స్కూలు. పోస్టాఫీసు పోతే ఉత్తరం మీద ఊరి పేరు పోతుంది, స్కూలు పోతే పిల్లలున్న కుటుంబం కొత్తగా రాదు. ఇవీ నిర్ణయాలే.

అన్నిటికన్నా నెమ్మదిగా, ఎక్కువ లోతుగా కోసింది అప్పు. రైతుకి విత్తనాల టైంకి డబ్బు కావాలి. నెల లేటయితే అదును పోయినట్టే. అమెరికా వ్యవసాయ శాఖ లోన్ ఆఫీసుల్లో నల్లజాతి రైతుల అప్లికేషన్లు పక్కన పెట్టడం, ఆలస్యం చెయ్యడం, తక్కువివ్వడం దశాబ్దాల పాటు జరిగింది. 1982లో అక్కడి పౌర హక్కుల కమిషనే ఇది రిపోర్టులో రాసింది, మరుసటేడు ఆ శాఖలో ఫిర్యాదులు విచారించే విభాగాన్నే ఎత్తేశారు. చివరికి పిగ్‌ఫోర్డ్ కేసు అని దేశమంతా రైతులు కలిసి వేసిన కేసు 1999లో సెటిల్ అయింది, చాలామందికి తలా 50,000 డాలర్లు. గడువు దాటిందని వేలాది మందిని తిప్పి పంపితే 2010లో ఇంకో 115 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది. 50,000 డాలర్లతో ఆ కాలానికి ఒక మంచి ట్రాక్టర్ కూడా రాదు, పోయిన పొలం అసలే రాదు. 1920లో అమెరికాలో దాదాపు తొమ్మిది లక్షల పాతిక వేల నల్లజాతి రైతులు ఉండేవాళ్లు, మొత్తం రైతుల్లో ఏడో వంతు. ఇప్పుడు వందకి ఇద్దరు కూడా లేరు. ఈ లెక్క ముందు పెట్టుకుని నికోడెమస్‌ని చూస్తే, అక్కడ ఆ మొదటి కుటుంబాల వారసులు ఇంకా సొంత భూమి ఉంచుకున్నారు, కొందరు ఈమధ్య దాకా తామే సాగు చేశారు అన్నది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

వెరిల్ స్విట్జర్ అని ఈ ఊళ్లో పుట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు, 1954లో గ్రీన్ బే ప్యాకర్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండ్‌లోనే ఆయన్ని తీసుకుంది. అంత పేరు, తర్వాత యూనివర్సిటీలో పెద్ద ఉద్యోగం, అయినా నికోడెమస్‌లో పొలం వదల్లేదు.

1976లో ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు, 1996 నవంబర్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ కిందకి తెచ్చారు. మంచి పని, చాలా మంచి పని, దానికోసం ఆ ఊరి ఆడపడుచులు ఏళ్ల తరబడి తిరిగారు. టౌన్‌షిప్ హాల్లో ఇప్పుడు విజిటర్ సెంటర్ ఉంది, రేంజర్లు ఓపిగ్గా చెప్తారు. కానీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: ఆ చట్టం ఐదు కట్టడాల్ని కాపాడుతుంది, చుట్టూ ఉన్న చేలని కాదు. ఆ ఊరు ఆ రాళ్ల వల్ల నిలవలేదు, చేల వల్ల నిలిచింది. చర్చి గోడ పగుళ్లకి బడ్జెట్ దొరుకుతుంది, వారసుల మధ్య చీలిపోయిన పొలాన్ని ఒక్కచోటికి తెచ్చుకోవడానికి లాయర్ ఫీజు దొరకదు. వీలునామా లేకుండా పోయిన తాత భూమికి ముప్ఫై మంది హక్కుదార్లు ఉంటే వాళ్లలో ఎవరో ఒకరు తన వాటా బయటివాళ్లకి అమ్మితే చాలు, కొన్నవాడు కోర్టుకెళ్లి మొత్తం వేలం వేయించొచ్చు, అమెరికాలో నల్లజాతి కుటుంబాల భూమి ఇలా పోయింది బోలెడంత. నిజంగా ఈ ఊరిని నిలబెట్టాలంటే డబ్బు పెట్టాల్సిన చోటు ఇదీ, విత్తనాల టైంకి అప్పూ, మనవడు తిరిగొచ్చి సాగు చేస్తానంటే అతనికి ఒక ట్రాక్టరూ. చారిత్రక స్థలాల మీద ప్రేమ ఉన్నవాళ్లు రైతుల అప్పుల గురించి మాట్లాడటానికి మొహమాటపడతారు, ఎందుకో నాకు అర్థం కాదు, ఆ చరిత్రంతా అప్పుల గురించే కదా.

జూలై చివరి శని ఆదివారాల్లో అక్కడ హోమ్‌కమింగ్. బ్రిటిష్ వెస్టిండీస్‌లో 1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దయిన రోజుని తల్చుకుంటూ మొదటి తరం వాళ్లు చేసుకున్న పండగే ఇది, ఒకప్పుడు స్క్రగ్స్ తోటలో చెట్ల కింద జరిగేదట. డెన్వర్ నుంచి, కాలిఫోర్నియా నుంచి, ఎక్కడెక్కణ్ణుంచో వస్తారు, 14 మంది ఊరు వందల మందితో నిండిపోతుంది. పరేడ్, చర్చి పాటలు, బార్బెక్యూ పొగ, పిల్లలు. ఒక పెద్దావిడ నన్ను చూసి మొదట అడిగిన మాట, మీరు ఎవరి తాలూకు అని. ఫలానా ఇంటి వాళ్లకి చుట్టమో స్నేహితుడో అయ్యుంటాననుకుంది. ఎవరి తాలూకూ కాదమ్మా, చూద్దామని వచ్చాను అంటే, అయితే ముందు భోంచెయ్ అని ప్లేటు చేతిలో పెట్టింది. ఆవిడ పుట్టింది అక్కడ కాదు, ఆవిడ అమ్మ కూడా కాదు, అమ్మమ్మ. కానీ "మా ఊరు" అనే అంది. ఆవిడని సెన్సస్ వాడు ఏ ఊళ్లో రాసుకుంటాడో నాకు అనవసరం.

మన తెలుగువాళ్లకి ఈ విషయం తెలియనిది కాదు. ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో కూడా సగం ఇళ్లకి తాళాలే, పొలాలు కౌలుకి, తిరనాళ్లకి మాత్రం కార్లు పట్టవు. ఇక్కడ మన వాళ్ల పార్టీల్లో అంటుంటారు, ఊరు అయిపోయింది, ఇంక అక్కడ ఏముంది, అమ్మేసి ఇక్కడో ఇల్లు కొనుక్కుందాం అని. ఎవరి అవసరాలు వాళ్లవి, ఎవరినీ ఏమీ అనను. కానీ ఊరు అయిపోయింది అనేది వాతావరణం చెప్పినట్టు చెప్పొద్దు. బస్సు ఎవరు ఆపారు, బడి ఎవరు మూశారు, సొసైటీలో అప్పు ఎవరికి ఇవ్వలేదు, ఆ పేర్లూ తేదీలూ కూడా మన దగ్గర ఉంటాయి, అడిగితే పెద్దవాళ్లు చెప్తారు, రాసి పెట్టుకునేవాళ్లే లేరు. నికోడెమస్ వాళ్లు రాసి పెట్టుకున్నారు, అందుకే 16,000 డాలర్ల బాండ్ల సంగతి నూటముప్ఫై ఏళ్ల తర్వాత నేను మీకు చెప్పగలుగుతున్నాను.

కన్సాస్ సిటీ నుంచి డెన్వర్ వెళ్లే మన వాళ్లందరూ ఐ-70 మీదే పోతారు, కన్సాస్ బోర్ అని ఆగకుండా తోలేస్తారు. వాకీనీ దగ్గర దిగి యూఎస్ 283 మీద ఉత్తరంగా హిల్ సిటీ దాకా, అక్కణ్ణుంచి యూఎస్ 24 మీద తూర్పుకి పన్నెండు మైళ్ల దాకా. రోడ్డు పక్కనే ఊరు. పెట్రోలు హిల్ సిటీలోనే పోయించుకోండి. పిల్లలుంటే టౌన్‌షిప్ హాల్లో రేంజర్‌ని ఆ తవ్విన ఇళ్ల గురించి అడగమనండి. జూలై ఆఖర్లో వెళ్లగలిగితే, అక్కడ పెద్దవాళ్లతో పొలాల గురించి మాట్లాడండి, ఈ ఏడు గోధుమ ఎంత పడింది, కౌలు ఎంత నడుస్తోంది అని, మ్యూజియం గురించి అడిగినప్పటికన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టి చెప్తారు.